యాత్రాకాలమున స్వాధ్యాయము

చదువుకొనవలసిన వయస్సున చదువును ఆరు నెలలు నిలిపి దేశాటనమునకు బయలుదేరు విద్యార్థిని గూర్చి ఇంటింట రెండు తీర్పులు వినవచ్చుచుండును. తండ్రి 'కాలము వ్యర్థము' అనును. మేనమామ 'నాలుగూళ్లు చూచుటకంటె చదువేమున్నది, పోనిండు' అనును. ఈ రెండింటి నడుమ విద్యార్థి మూడవ మాట యొకటి చెప్పి ఇరువురను ఒప్పించును. 'తిరుగుచునే చదువుకొందును, పుస్తకములు వెంట తీసికొనిపోవుచున్నాను' అనును. తండ్రికి ఊరట కలుగును. తల్లి సంచిలోని బట్టలను కొంత జరిపి పుస్తకములకు చోటు చేయును. తండ్రి మాటయు మేనమామ మాటయు అభిప్రాయములు మాత్రమే. విద్యార్థి పలికినది ప్రతిజ్ఞ. కావున విచారింపదగినది ఆ మూడవ మాటయే.

ఒకప్పుడు కళాశాలలో అర్ధసంవత్సరము తప్పినవానిని లోకము పరీక్ష తప్పినవానిగనే ఎంచెడిది. ఇప్పుడట్లు కాదు. విదేశములలో చదువుచున్న మన పిల్లలకు సెమిస్టరు సెలవు వింత విషయము కాదు. మన దేశమునందును 2020 నాటి జాతీయ విద్యావిధానము చదువును నడుమ విడిచి మరల చేరుటకు త్రోవ చూపినది. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను దాచియుంచు ఏర్పాటునకు 2021లో యు.జి.సి. నిబంధనలను వెలువరించినది. కావున విరామము తీసికొనుట దోషము కాదు. ఆ విరామమును క్షేత్రదర్శనమునకు వినియోగింపగోరు యువకుడు మెచ్చదగినవాడే. చిక్కంతయు సంచిలోని పుస్తకములతో వచ్చును.

మొదటి రెండు దినములు రైలులో పై బెర్తుమీద పరుండి అతడు నలుబది పుటలు చదువును. కాశి చేరిన పిదప తెల్లవారుజామున గంగాస్నానము, దర్శనమునకు వరుసలో నిలుచుట, మధ్యాహ్నము అలసట తీర్చుకొను నిద్ర, సాయంకాలము దశాశ్వమేధ ఘట్టమున హారతి. రాత్రి సత్రములో ఎనిమిదిమందికి ఒక గది, ఆ గదికి ఒక దీపము. పుస్తకము తెరచుసరికి ప్రక్కవారు దీపము ఆర్పుమందురు. మరునాడు ప్రయాగ, ఆపైన గయ. మూడవ వారమునకు గుర్తుగా పెట్టిన రైలు టిక్కెట్టు మొదట పెట్టిన పుటలోనే యుండును. సెల్‌ఫోనులో నాలుగు వందల గ్రంథములు దాచుకొనినను, ఆ ఫోను తెరచినపుడు ముందుగా కంటబడునవి గ్రంథములు కావు. ఆ రాత్రి ఇంటినుండి ప్రశ్న వచ్చును: 'చదువుచున్నావా?' 'చదువుచున్నాను' అని రెండు క్షణములలో సమాధానము పోవును. దానివలన ఎవ్వరికిని హాని కలిగినట్లు కనబడదు. ఐనను ఆ యాత్రలో మొట్టమొదట అతని మనస్సు చిన్నబోవునది అచ్చటనే. మరునాడు విశ్వనాథుని సన్నిధిలో నిలిచినపుడు సైతము ఆ చదువని పుస్తకము అతని వెంటనే యుండును. చదువును సాగదు, యాత్రయును నిండదు.

దీనికి బద్ధకమే కారణమని తేల్చుట సులభము. సంకల్పబలము చాలదందురు, నాలుగింటికి లేచి చదువుమందురు. మన పూర్వులు ఈ విషయమున అంత తొందరపడి తీర్పు చెప్పలేదు. మనుస్మృతి నాల్గవ అధ్యాయమున అనధ్యాయములను, అనగా అధ్యయనము నిలుపవలసిన సమయములను గూర్చి విస్తారముగా చెప్పబడినది. ఉరుములు, దుమ్ముగాలి, నక్కల కూత, ఊరిలో శవముండుట మొదలగునవి అందు లెక్కింపబడినవి. గుఱ్ఱము నెక్కియు, ఏనుగు నెక్కియు, చెట్టు నెక్కియు, పడవలోను, గాడిదపైనను, ఒంటెపైనను, చవిటినేలయందును, వాహనమున పోవుచును అధ్యయనము చేయరాదని కూడ అచ్చటనే కలదు. ఒంటెపై కూర్చుండి చదువబూనిన శిష్యుడెవడో ఉండియే యుండును. లేనిచో స్మృతికర్తకు ఆ నిషేధము తోచియుండదు.

ఈ నియమములు వేదాధ్యయనము చేయువారికి చెప్పబడినవి. అందును ఆనాటి అధికారభేదములతో కూడి కొందరికే చెప్పబడినవి. ఆ భేదములను ఈనాడు ఎవ్వరును తలకెత్తుకొననక్కరలేదు. కాని చదువునకును ప్రయాణమునకును గల సంబంధమును చూచిన చూపు అందొకటి కలదు. అది ఏ విద్యార్థికైనను పనికివచ్చును. కదలుచున్న దేహమునందు క్రొత్త పాఠము నిలువదని వారెరిగిరి. ఊగుచున్న పడవలో స్వరము తప్పును. దారి వెతకుకొనువాని మనస్సు దారిమీద నుండవలెను. లేనిచో దారియు తప్పును, పాఠమును తప్పును. దీనిని వారు శిష్యుని దౌర్బల్యముగా ఎంచలేదు. పరిస్థితి స్వభావముగా ఎంచి, ఆ సమయమునకు అనధ్యాయమని పేరు పెట్టి, నియమముగానే అంగీకరించిరి.

అంతకంటె ఆశ్చర్యము గొలుపునది వారి విద్యాసంవత్సరము. శ్రావణపూర్ణిమనాడో భాద్రపదపూర్ణిమనాడో ఉపాకర్మ చేసి వేదాధ్యయనము ఆరంభింపవలెను. నాలుగున్నర నెలలు ఏకాగ్రతతో చదువవలెను. పిదప పుష్యమాసమున గాని మాఘ శుక్ల పాడ్యమినాడు గాని ఊరి వెలుపలికి పోయి ఉత్సర్జనము చేయవలెను. ఉత్సర్జనమనగా విడిచిపెట్టుట. ఆపైన శుక్లపక్షములందు వేదమును, కృష్ణపక్షములందు వేదాంగములను చదువుచుండవలెను. నేటి మాటలో చెప్పిన, నాలుగున్నర నెలల సెమిస్టరు మనువు నాటికే కలదు. అది ముగిసిన పిదప చదువు జోరు తగ్గించుకొనుటకు విధియు కలదు. విశేషమేమనగా ఆ తగ్గించుకొనుట చాటుమాటుగా జరుగునది కాదు. ఊరి వెలుపల, పగటివేళ, విధిప్రకారము చేయవలసిన కర్మ. చదువును మొదలుపెట్టుటకు ఎంత గౌరవమో, దింపియుంచుటకును అంత గౌరవము.

నేటి విద్యార్థికి ఉపాకర్మయు లేదు, ఉత్సర్జనమును లేదు. అతడు చదువును ఎన్నడును పూర్తిగా చేతబట్టడు. ఎన్నడును పూర్తిగా దింపడు. సంచిలో మోయుచుండును.

'అట్లయిన ప్రయాణమున పుస్తకమే ముట్టనక్కరలేదు' అని సంతోషించువానికి అదే స్మృతి మరియొక మాట చెప్పుచున్నది. నిత్యస్వాధ్యాయమునకు అనధ్యాయ నియమము వర్తింపదని రెండవ అధ్యాయమున స్పష్టముగా చెప్పబడినది. తైత్తిరీయ ఆరణ్యకమున రెండవ ప్రపాఠకము స్వాధ్యాయమును గూర్చినదే. నిలుచుండియైనను, నడచుచునైనను, కూర్చుండియైనను, పరుండియైనను స్వాధ్యాయము చేయవచ్చునని అందు కలదు. మనస్సులోనే చేసినను చాలును. శతపథబ్రాహ్మణము స్వాధ్యాయమును ప్రశంసించుచు, చక్కగా అలంకరించుకొని మెత్తని శయ్యపై పరుండి చేసినవానికిని అది తపస్సే యగునని చెప్పినది. ఒంటెపై వద్దన్న సంప్రదాయమే పరుపుపై పరవాలేదన్నది. ఇది పరస్పరవిరుద్ధమువలె తోచును.

విరోధము లేదు. గురువునొద్ద క్రొత్తగా నేర్చుకొనునది అధ్యయనము. నేర్చినదానిని దినదినమును తనలో తాను చెప్పుకొనునది స్వాధ్యాయము. మొదటిది స్థలమును, కాలమును, నిలిచిన దేహమును కోరును. రెండవది ఏమియు కోరదు. నోటికి వచ్చియుండుట యొకటే దానికి కావలసినది. తిరుమలకు అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కువారిని చూచిన ఇది సులభముగా తెలియును. ఎవరి చేతను పుస్తకముండదు. ఆయాసపడుచును, మోకాళ్లు పట్టుకొనుచును, ప్రతి మెట్టునకు పసుపు కుంకుమలద్దుచును పోవుదురు. నోట గోవిందనామము ఆగదు. దానిని ఎవ్వరును మెట్లదారిలో నేర్చుకొనలేదు. ఇంట నేర్చినది దారిలో పలుకుచున్నారు. విష్ణుసహస్రనామము వచ్చినవాడు దారి పొడుగునను చెప్పుకొనును. రానివాడు మెట్లదారిలో దానిని క్రొత్తగా నేర్చుకొనబూనిన, నామములును నిలువవు, మెట్టును తప్పును. సంచిలో క్రొత్త పాఠ్యగ్రంథమును పెట్టుకొని తీర్థయాత్రకు బయలుదేరిన విద్యార్థి పరిస్థితి ఇదియే. అతడు స్వాధ్యాయము చేయవలసిన చోట అధ్యయనము చేయబోయి, రెండింటను ఓడినానని వగచుచున్నాడు.

ప్రయాణములో చదివినవారు లేరా యని అడుగవచ్చును. ఉన్నారు. శ్రీవైష్ణవ గురుపరంపరా కథలలో కూరేశుని వృత్తాంతము సుప్రసిద్ధము. భగవద్రామానుజులు బ్రహ్మసూత్రములకు భాష్యము రచింపదలచి, బోధాయనవృత్తిని సంపాదించుటకై శిష్యుడైన కూరేశుని వెంటబెట్టుకొని శ్రీరంగమునుండి కాశ్మీరదేశమునందలి శారదాపీఠమునకు పోయిరట. గ్రంథము చేతికి వచ్చినది. తిరుగు ప్రయాణమున, ఆ గ్రంథము పరదేశమునకు పోవుట సహింపని అక్కడి పండితులు మనుష్యులను పంపి దానిని మరల తెప్పించుకొనిరట. కథనములు వివరములందు భిన్నించినను, పిమ్మట జరిగినదానిని అన్నియు ఒకే విధముగా చెప్పుచున్నవి. నెలల తరబడి నడచి సాధించినది ఒక్క పూటలో పోయినదని ఆచార్యులు ఖిన్నులైయుండగా, ప్రతిరాత్రియు ఆచార్యసేవ ముగిసి ఆయన నిద్రించిన పిదప తాను ఆ గ్రంథమును చదువుచుంటిననియు, అదంతయు తనకు కంఠస్థమైనదనియు కూరేశుడు విన్నవించెనట. శ్రీభాష్యమునకు లేఖకుడు ఆ కూరేశుడే.

ఈ కథను చెప్పి పిల్లలను మందలించుట తఱచు. 'చూచితివా, నడచి నడచి అలసియు రాత్రులు చదివినాడు. నీవు రైలులో కూర్చుండియు చదువలేకపోతివి' అందురు. కథను ఇట్లు వాడుకొనుట దానికి అన్యాయము. కూరేశుని చేతిలో నాలుగు వందల గ్రంథములు లేవు, ఒక్కటియే కలదు. అది తనది కాదు. ఎప్పుడైనను పోవచ్చునను జాగ్రత్త అతనికి ఉండియుండవలెను. లేనిచో చేతనున్న గ్రంథమును అంత తొందరగా కంఠస్థము చేయుటకు కారణము లేదు. అంతకంటె ముఖ్యము, ఆ యాత్రయే ఆ గ్రంథము కొరకు. చదువొక దిక్కును, ప్రయాణమొక దిక్కును అతనిని లాగలేదు. పగలు ఆచార్యుని సేవ, రాత్రి ఆచార్యునకు కావలసిన గ్రంథము. మన విద్యార్థికి కాశియొక దిక్కు, ఇంజనీరింగు పాఠ్యగ్రంథమొక దిక్కు. ఫోనులోని గ్రంథమును ఎవ్వరును లాగికొనిపోరు. అది ఎల్లప్పుడును ఉండును. ఎల్లప్పుడును ఉండుటచేతనే దానిని నేడే చదువవలెనను తొందర పుట్టదు.

చైనా యాత్రికుడైన హ్యూయన్‌త్సాంగు ఇందుకు మరియొక విధమైన తార్కాణము. ఆయన 629లో స్వదేశము వీడి 645లో తిరిగి చేరెను. 657 గ్రంథములను కొనిపోయెను. పదునారేండ్ల యాత్ర కావున దారిపొడుగునను చదివెనని తలంతుము. ఆయన చరిత్రను చూచిన అట్లు కనబడదు. కాశ్మీరమున రెండేండ్లు నిలిచెను. నాలందలో శీలభద్రునొద్ద సుమారు అయిదేండ్లు కూర్చుండి చదివెను. మన ఆంధ్రదేశమున ధాన్యకటకమునకు వచ్చినపుడు సైతము చూచి పోవుటతో తృప్తిపడక, అక్కడి భిక్షువులనొద్ద మహాసాంఘికుల అభిధర్మమును నేర్చుకొనుటకై కొన్ని మాసములు ఆగెను. చదువు కలిగినచోట యాత్ర నిలిచినది. చదువు ముగిసిన పిదప యాత్ర సాగినది. తిరుగు ప్రయాణమున సింధునది దాటునపుడు గ్రంథముల పడవ అలల తాకిడికి ఊగి ఏబది వ్రాతప్రతులు నీటిపాలయ్యెను. ఆయన ఏనుగునెక్కి సుఖముగా దాటెను. పోయినవాటికి మరల ప్రతులు వ్రాయించు ప్రయత్నమునకై అచ్చటను దినములు వెచ్చించెను. దీనినిబట్టి సెమిస్టరు సెలవులో తిరుగు విద్యార్థికి ఒక ఉపాయము దొరకును. ఆరు నెలలలో అయిదు నెలలు పుస్తకము ముట్టకున్నను పరవాలేదు. ఏదో ఒక క్షేత్రమున గ్రంథాలయము కల ఊర ఇరువదియైదు దినములు కదలక కూర్చుండిన చాలును. ఇరువది ఊళ్లలో ఇరువది పుటల చొప్పున చదువబోయి దేనిని చదువకుండుటకంటె అది మేలు.

ఇచ్చట మేనమామ మాట మరల వినవచ్చును: 'యాత్రయే చదువు. లోకమే పుస్తకము. పుటలు లెక్కపెట్టుట ఎందుకు?' ఈ మాట వినుటకు ఇంపుగా నుండును గాని దీనిలో సగమే నిజము. చూచినదెల్లను చదువైనచో రైలు టిక్కెట్టు పరీక్షకుని మించిన పండితుడుండడు. చూచినదానిని నిలిపి, పేరు పెట్టి, మరియొకరికి తెలియునట్లు చెప్పగలిగినపుడే అది విద్యయగును. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న పరివారముతో కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చెను. ఆ పదునైదు మాసములలో ఆయన చదివిన గ్రంథములెన్నియో లోకము లెక్కింపలేదు. ఏ మజిలీలో నీరు మంచిదో, ఎచ్చట అంగళ్లు కలవో, ఏ గుడిలో ఏ ఆచారమో, ఏ దారి బండికి పనికివచ్చునో ఏనాటికానాడు వ్రాసి, మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు పంపుచుండెను. శ్రీనివాసపిళ్ల దానిని 1838లో అచ్చువేయించెను. కాశీయాత్రచరిత్ర అనునది అట్లు పుట్టినది. మిత్రుడొకడు చదువుటకు కాచుకొని యున్నాడను ఎరుక లేనిచో ఆ పుస్తకము పుట్టియుండునా యనునది సందేహము. యాత్ర చదువగునా కాదా యనుటకు ఇది గట్టి పరీక్ష. వ్రాయగలిగినంత చూచిన అది చదువే. ఫొటోలు తీసి పంపుట ఈ లెక్కలోనికి రాదు; ఫొటో తీసినవాడు తరచుగా తాను దేనికి ఫొటో తీసెనో చూచియుండడు.

లెక్క చెప్పుటయను మాట వచ్చినది కావున వినోబా భావేను స్మరింపకుండ పోరాదు. ఆయన 1916లో ఇంటరు పరీక్షకై బొంబాయికి పోవు రైలునుండి సూరతులో దిగి కాశి చేరెను. సర్టిఫికెట్లను అంతకుముందే అగ్నికి ఆహుతి చేసెను. ఇది అనుకరింపవలసిన విషయమని ఏ తండ్రియు ఒప్పుకొనడు, ఒప్పుకొననక్కరయు లేదు. పరిశీలింపవలసినది మరుసటి సంవత్సరపు ముచ్చట. గాంధీజీ ఆశ్రమమున చేరిన కొలది కాలమునకే 1917లో ఆయన ఒక సంవత్సరము సెలవు కోరెను. మహారాష్ట్రములోని వాయీ గ్రామమున నారాయణశాస్త్రి మరాఠేగారి యొద్ద కూర్చుండి ఉపనిషత్తులు, గీత, శాంకరభాష్య సహితముగా బ్రహ్మసూత్రములు, మనుస్మృతి, పాతంజల యోగము చదివెను. పిదప కాలినడకను సుమారు నాలుగు వందల మైళ్లు తిరిగెను. దారిలో గీతను బోధించెను. విద్యార్థులను కూర్చి, పిండి విసరి కూలి సంపాదించి గ్రంథాలయమునకు పుస్తకములు కొనెను. ఇచ్చటను అదే క్రమము: చదువునపుడు ఒకచోట కూర్చుండెను, నడచునపుడు చదివినదానిని చెప్పెను. ఏడాది ముగియవచ్చునపుడు, 1918 ఆరంభమున, ఆయన గాంధీజీకి ఒక దీర్ఘమైన లేఖ వ్రాసెను. ఏమి చదివినదియు, ఎంత నడిచినదియు, ఏమి తినినదియు, ఏ వ్రతములు పాటించినదియు అందు కలవు. సెలవు ఇచ్చినవాడు అడుగలేదు. తీసికొన్నవాడు తానే లెక్క చెప్పెను. మాట ఇచ్చిన దినమునకే ఆశ్రమమునకు తిరిగివచ్చెనని ప్రసిద్ధి. 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లిలో తొలి భూదానము స్వీకరించి ఏండ్ల తరబడి దేశమంతయు నడచిన వినోబాకు ఆ మొదటి సంవత్సరము ఉత్తమమైన శిక్షణయే యైనదనుకొనవచ్చును.

వినోబాకును మన విద్యార్థికిని ప్రజ్ఞలోని తారతమ్యము అటుండనిండు. సంకల్పములోనే తేడా కలదు. మన ఇండ్లలో ఏ పూజకైనను సంకల్పము చెప్పుకొందుము. అందు ఏ దేశమున, ఏ నది తీరమున, ఏ సంవత్సరమున, ఏ తిథినాడు, ఏ పని చేయబోవుచున్నామో వరుసగా పలుకుదుము. పురోహితుడు తొందరలో ఉన్నను ఆ భాగమును విడువడు. స్థలము కాలము చెప్పనిది కోరికయే గాని సంకల్పము కాదను ఎరుక ఆ ఆచారమున దాగియున్నది. 'తిరుగుచునే చదువుకొందును' అను మాటలో స్థలము లేదు, కాలము లేదు, పరిమాణము లేదు. ఆ మాటను నెరవేర్చుట ఎవ్వరికిని సాధ్యము కాదు. ఏలయన నెరవేరినదో లేదో తెలియు మార్గమే అందు లేదు. 'ప్రతిదినము గీతలో నాకు వచ్చిన అధ్యాయమును ఒకమారు చెప్పుకొందును. మాఘమున ఇరువదియైదు దినములు కాశిలో నిలిచి ఈ ఒక్క గ్రంథమును ముగింతును. తక్కిన దినములలో పుస్తకము తెరువను' అనిన, అది చిన్న మాట. చిన్న మాటయే కావచ్చును గాని దానికి లెక్క చెప్పవచ్చును. సంకల్పమును ఇట్లు తగ్గించుకొనుట పిరికితనమనువారు, ఉపవాసము చేయలేక చాటున తినువానికిని, ఒక్కపొద్దు ఉందునని చెప్పి ఒక్కపొద్దే ఉండువానికిని గల తేడాను ఆలోచింపవలెను.

ఇక ఆ రాత్రి పంపిన రెండు క్షణముల సమాధానము. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో విద్య ముగించుకొని గురుకులము వీడు శిష్యునకు ఆచార్యుడు చేయు ఉపదేశము కలదు. స్నాతకోత్సవములలో నేటికిని దానిని వల్లించుచుందురు. స్వాధ్యాయమును ఏమరవలదను ఆజ్ఞ అందరికి గుర్తుండును. ఆ ఆజ్ఞ మూడవదను సంగతి అందరికి గుర్తుండదు. సత్యము మొదటిది, ధర్మము రెండవది, ఆ తరువాతనే స్వాధ్యాయము. బయలుదేరిపోవుచున్నవానికి ఈ వరుసలో చెప్పుట కాకతాళీయమని తలపనక్కరలేదు. గురువు కన్ను దాటిన పిదప శిష్యుడు ఏమి చదివినదియు ఎవ్వరును చూడరు. అతడు చెప్పినదే నమ్మవలెను. మూడవదానిని నిలుపుకొన్నట్లు కనబడుటకై మొదటిదానిని విడిచినవాడు రెండింటిని పోగొట్టుకొనును. పుస్తకము చదువకపోవుట వలన తండ్రికి నష్టమేమియు లేదు. ఒక సెమిస్టరు పోయినను మరియొకటి వచ్చును. చదువుచున్నానని నమ్మి, ఊళ్లో నలుగురికి ఆ మాటనే చెప్పుకొనుచున్న తండ్రి మోసపోవుచున్నాడు. అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రియైనచో ఆ మోసము బరువెక్కువ. తండ్రి వైపునను ఒక లోపము కలదు. 'ఎన్ని పుటలైనవి' అని మాత్రమే ప్రతిరాత్రియు అడుగు ఇంటికి నిజము వ్రాయుట కష్టము. 'ఈ నెల చదువలేదు, చదువను కూడ, కాశిలో నిలిచినపుడు చదువుదును' అని కుమారుడు వ్రాసిన దినమున ఆ ఇంట కోపము కలుగవచ్చును. కాని ఆ రాత్రి కుమారుడు సంచి తల క్రింద పెట్టుకొని నిద్రించును. మరునాడు విశ్వనాథుని ఎదుట అతని వెంట పుస్తకముండదు.

తైత్తిరీయ శాఖీయులలో కొన్ని కుటుంబములందు శ్రావణపూర్ణిమనాడు ఉపాకర్మకు ముందు ఒక జపము చేయు ఆచారము కలదు. అది ప్రాయశ్చిత్తజపము. చదువనందుకు ప్రాయశ్చిత్తమేమో యని తోచును, అది కాదు. పుష్యమాసమున చేయవలసిన ఉత్సర్జనమును చేయనందుకు, అనగా చదువును దింపవలసిన వేళ విధిగా దింపనందుకు. నేడు పుష్యమున ఊరి వెలుపలికి పోయి ఉత్సర్జనము చేయువారు అరుదు. పెక్కుచోట్ల రెండు కర్మలును శ్రావణమునందే ఒకదాని వెంట ఒకటిగా ముగియును. నదియొడ్డున గాని గుడి మండపమున గాని జంధ్యములు మార్చుకొని, ఋషులకు తర్పణము విడిచి, వేదారంభమునకు కూర్చుందురు. ఆర్నెల్లుగా పుస్తకము ముట్టనివారు ఆ వరుసలో పలువురు ఉందురు. వారి నెవ్వరును ఎన్ని పుటలైనవని అడుగరు. పురోహితుడు మొదటి మాట అందించును; అందరును గొంతు సవరించుకొని అందుకొందురు.